స్పానిష్‌లో గుస్తార్ (నచ్చడం) వాక్యం ఎందుకు తప్పుతోంది?

మీరు రాసిన ‘యో గుస్తో లోస్ మాంగోస్’ తప్పవడానికి కారణం ఇంగ్లీషు మీదుగా ఆలోచించడమే. నేరుగా తెలుగులోంచి వెళ్ళండి, మన ‘నాకు మామిడిపళ్ళు నచ్చుతాయి’ లాగే: మే గుస్తాన్ లోస్ మాంగోస్.

1. మే నాకు, తే నీకు, లే ఆయనకు, ఆమెకు, నోస్ మాకు, లెస్ వాళ్ళకు.

2. అందరూ తప్పేది ఇక్కడే. క్రియ మారేది నచ్చినదాన్ని బట్టి, మనిషిని బట్టి కాదు. ఒకటైతే గుస్తా, ఎక్కువైతే గుస్తాన్. ‘మాకు కాఫీ నచ్చుతుంది’ అంటే నోస్ గుస్తా ఎల్ కఫే. మేము పదిమందిమైనా కాఫీ ఒక్కటే కాబట్టి గుస్తామోస్ రాదు.

3. పనులైతే ఎన్నున్నా గుస్తానే: మే గుస్తా కంతార్ ఇ బైలార్ (పాడటం, నాట్యం చేయడం).

4. పేరు చెబితే ముందు ‘ఆ’ చేర్చండి, లే తీసేయకండి: ఆ మరియా లే గుస్తా ఎల్ కఫే (మరియాకు కాఫీ నచ్చుతుంది).

మనిషితో ‘మే గుస్తాస్’ అంటే మనసుపడ్డట్టు వినిపిస్తుంది, జాగ్రత్త. స్నేహంగా అయితే ‘మే కాయెస్ బియెన్’ అనండి.