ఆ 40,000 ఒక్కటే మీ కేసు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. చిన్న మొబైల్ రిపేర్ షాపు ఉంది. వాట్సాప్‌లో పరిచయమైన ఏజెంట్ దగ్గర ఐడీ తీసుకుని క్రికెట్ బెట్టింగ్ ఆడాను. ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా 2,70,000 వేశాను, 45,000 తీసుకున్నాను. నా భార్య తాళిబొట్టు గొలుసు బ్యాంకులో తాకట్టులో ఉంది. ఇక ఆడనని అలిపిరిలో కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టుకున్నాను. ఖాతా మూసేసి మిగిలిన డబ్బు ఇవ్వమంటే, ముందు 40,000 వెరిఫికేషన్ డిపాజిట్ కట్టు, మొత్తం కలిపి తిరిగొస్తుందన్నారు. మూడు వారాల కిందట మా బామ్మర్ది ఫోన్‌పే నుంచి పంపాను. ఇప్పుడు ఐడీలో 1,86,400 కనిపిస్తోంది. 30 శాతం టాక్స్ 55,920 కడితేనే విడుదల చేస్తామంటున్నారు. లేదంటే ఇంకో బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు ఇస్తే దాని ద్వారా పంపుతామంటున్నారు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తేబోతున్నాను. కోపంలో ఏజెంట్ చాట్ మొత్తం డిలీట్ చేశాను. నిద్ర పట్టడం లేదు. కేసు వేస్తే నా 1,86,400 వస్తుందా? నన్ను కూడా జైల్లో పెడతారా?

జవాబు: రాదు. ఆ అంకెను మనసులోంచి తీసేయండి. అది బ్యాంకులో ఉన్న డబ్బు కాదు, వాళ్ల సైటులో వాళ్లు వేసి చూపించిన అంకె. నిజంగానే మీరు గెలిచారనుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచిన సొమ్ము ఇప్పించమని దావా వేయడానికే వీల్లేదు. ఆడి పోగొట్టుకున్న డబ్బుకూ కోర్టులో మీకు దారి లేదు.

మీ రెండు పేజీల ఉత్తరంలో అసలు విషయం ఒక్క వాక్యంలో ఉంది. మీరు దాని మీద నుంచి దాటిపోయారు. ఆ 40,000 మీరు ఏ మ్యాచ్ మీదా పెట్టలేదు. ఆట మానేస్తానన్నాక, ఖాతా మూయడం కోసం, తిరిగి ఇస్తామన్న మాట నమ్మి పంపారు. అది పందెం కాదు, మోసం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందకు వస్తుంది. మనిషిని నమ్మించి డబ్బు రాబట్టుకుంటే ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. సెక్షన్ 30 దీనికి అడ్డు రాదని నా అభిప్రాయం. కాబట్టి మీ కేసు 40,000కే. అది కూడా ఎక్కడో విదేశంలో సర్వరున్న సైటు మీద కాదు, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందో ఆ మనిషి మీద. పేరూ చిరునామా లేని సైటు మీద తిరుపతి కోర్టులో డిక్రీ తెచ్చుకుంటే అది అమలయ్యేది కాదు.

టాక్స్ సంగతి. ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద 30 శాతం పన్ను కోత 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్న మాట నిజమే. అందుకే ఈ అబద్ధం అంత సులువుగా నమ్మేలా ఉంటుంది. కానీ ఆ పన్నును ఇచ్చేవాడు చెల్లింపులోంచి పట్టుకుని ప్రభుత్వానికి కడతాడు. తీసుకునేవాడిని ముందుగా ఏజెంటు యూపీఐకి పంపమనడు. ఇంకో మాట, మీరే ఒక కాగితం మీద లెక్క వేసి చూడండి. వెరిఫికేషన్‌తో కలిపి మీరు వేసింది 3,10,000. తీసుకున్న 45,000కు స్క్రీన్ మీది 1,86,400 కలిపినా 2,31,400. మీరు 78,600 నష్టంలో ఉన్నారు. నష్టపోయినవాడికి గెలుపు మీద పన్ను ఎక్కడిది? ఆ 55,920 కడితే మరో పేరుతో మరో ఫీజు వస్తుంది.

ఇక రెండో దారి, ఖాతా, ఏటీఎం కార్డు ఇవ్వడం. దయచేసి దాని జోలికి పోకండి. మీ ఖాతా గానీ, బామ్మర్దిది గానీ, షాపులో పనిచేసే కుర్రాడిది గానీ ఇవ్వొద్దు. ఆ ఖాతాలోకి వచ్చేది మీ డబ్బు కాదు, ఇంకో ఊళ్లో ఇంకొకరిని మోసం చేసి తెచ్చిన డబ్బు. ఆ బాధితుడు అక్కడ ఫిర్యాదు చేయగానే ఖాతా ఫ్రీజ్ అవుతుంది, నిందితుడి స్థానంలో ఖాతాదారు పేరు ఉంటుంది. పుత్తూరు వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. స్నేహితుడి మాట విని పాస్‌బుక్, కార్డు, సిమ్ ఇచ్చేశాడు. హాస్టల్ ఫీజు కోసం వాళ్ల నాన్న పంపిన డబ్బు కూడా అందులోనే ఇరుక్కుపోయింది. కేసేమో వేరే రాష్ట్రంలో. రైలెక్కి అక్కడి స్టేషన్ల చుట్టూ తిరిగారు. ఆ తండ్రి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

చాట్ డిలీట్ చేయడం మాత్రం మీరు చేసిన పెద్ద తప్పు. రోజూ పదిమంది ఫోన్లు బాగుచేసే మనిషి, సాక్ష్యం ఎక్కడుంటుందో తెలిసిన మనిషి చేయాల్సిన పని కాదది. అలిపిరిలో పెట్టుకున్న ఒట్టు మీ మనసుకు బలమే గానీ కోర్టుకు సాక్ష్యం కాదు. 'వెరిఫికేషన్ డిపాజిట్, తిరిగొస్తుంది' అని ఏజెంటు పెట్టిన మెసేజే సాక్ష్యం. ఆ మెసేజ్ లేకపోతే 40,000 కూడా పందేనికే పంపావని వాడు అంటాడు.

దాన్ని వెనక్కి తెచ్చే ప్రయత్నం ఈరోజే చేయండి. ఫోన్‌లో వాట్సాప్ బ్యాకప్ ఏ తేదీ వరకు ఉందో చూడండి. చాట్ తీసేయడానికి ముందుదైతే, కొత్త బ్యాకప్ దాని మీద పడకముందే వేరేచోట భద్రం చేయండి. స్క్రీన్‌షాట్లు మీ భార్యకో బామ్మర్దికో పంపి ఉంటే వాళ్ల ఫోన్లు కూడా వెతకండి. టాక్స్ అడుగుతున్న మెసేజ్‌లు ఇంకా వస్తున్నాయంటే అవన్నీ మీకు సాక్ష్యమే, బ్లాక్ చేయకండి. 40,000 ఎందుకు కట్టించుకున్నారో రాతపూర్వకంగా చెప్పమని ఒక్కసారి అడగండి, జవాబు దాచుకోండి. ఐడీలోకి ఒక్కసారే లాగిన్ అయి బ్యాలెన్సు, డిపాజిట్ హిస్టరీ, మీ విత్‌డ్రాల్ రిక్వెస్టు, తేదీలు అన్నీ కనిపించేలా ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. ఖాతా మూసేయమనీ, డిపాజిట్ తిరిగివ్వమనీ రాసి పంపండి. ఆ ఫోన్‌ను రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని సులువు.

డబ్బు వెళ్లింది బామ్మర్ది ఖాతా నుంచి కాబట్టి ఫిర్యాదులో ఆయన పేరు, సంతకం తప్పనిసరిగా ఉండాలి. ఆయన బ్యాంకుకు వెళ్లి ఆ రోజు స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోవాలి. అందులో ఆ లావాదేవీ యూటీఆర్ నంబరు, అంటే ఆ ఒక్క లావాదేవీకే ఉండే గుర్తింపు సంఖ్య, ఉంటుంది. డబ్బు ఎవరికి చేరిందో పోలీసులు ఆ నంబరుతోనే కనిపెడతారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేసి, ఆ ఫిర్యాదు నంబరుతో మీ స్టేషన్‌కు వెళ్లండి. మొదటి గంటల్లోనే చేసుంటే డబ్బు మధ్యలో ఆపే వీలుండేది. మూడు వారాలు పోగొట్టారు. డబ్బు దాటిపోయి ఉండొచ్చు, కానీ అందుకున్న మనిషి దొరుకుతాడు. వాడు ఈ చుట్టుపక్కలవాడే అయితే లాయరు నోటీసుతో దారికొచ్చే అవకాశమూ ఉంది. సివిల్ దావాకు మూడేళ్ల గడువు ఉంది కదా అని ఫిర్యాదును వాయిదా వేయకండి.

జైలు గురించి అడిగారు. దాచకుండా చెబుతాను. మన రాష్ట్రంలో 1974 గేమింగ్ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆన్‌లైన్ పందేలు ఆడినవాళ్లకు కూడా శిక్ష ఉంది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇలాంటి ఆటలు నడిపేవాళ్లను, ప్రకటనలిచ్చేవాళ్లను, డబ్బు లావాదేవీలకు సాయపడేవాళ్లను పట్టుకుంటుంది, ఆడినవాళ్లకు శిక్ష పెట్టలేదు. మీ ఫిర్యాదులో కొంత రిస్కు ఉంది, అందుకే లాయరు చేత రాయించండి. అంతేగానీ బెట్టింగ్ మాట దాచి, షేర్ ట్రేడింగ్‌లో మోసపోయానని రాయమని ఎవరైనా చెబితే వినకండి. ప్రభుత్వ ఉద్యోగికి తప్పుడు సమాచారం ఇవ్వడం వేరే నేరం. యూటీఆర్ వెనక ఏముందో తెలిసిన రోజు మీ 40,000 మాట కూడా ఎవరూ నమ్మరు.

లాయరు ఫీజుకు ఇబ్బందిగా ఉంటే 15100కు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగండి. ఆధార్, పాన్ ఫొటోలు వాళ్లకు పంపి ఉంటే ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసి, టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి. నిద్ర పట్టడం లేదన్నారు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో డబ్బులు అడగకుండా మాట్లాడతారు.

మూడు రూపాయల వడ్డీ అప్పు తీసుకోకండి. రేపు పొద్దున గొలుసు తాకట్టు రసీదు పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. గడువు ఎప్పటికి ఉందో, వేలం నోటీసు ఏమైనా వచ్చిందో కనుక్కుని, షాపు మీద వచ్చే డబ్బుతో ముందు ఆ వడ్డీ కట్టి రెన్యువల్ చేయించండి.