లిఫ్టు తలుపు తెరుచుకున్నా, ముందు నేల చూడండి

నేను హైదరాబాద్‌లో లిఫ్టు మెకానిక్‌గా పనిలో చేరి, సర్వీస్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. లిఫ్టులు, ఎస్కలేటర్ల భద్రత గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఈ నెల తీసుకున్నాను.

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్. జాలీ గేటు లిఫ్టు. ఆగేటప్పుడు గట్టిగా కుదుపుతుంది, ఒక్కోసారి బెత్తెడు పైనో కిందో ఆగుతుంది. రోప్ తెగి పడిపోతుందేమోనని టెన్షన్. పిల్లల్ని పంపాలంటే కాళ్లు చేతులు ఆడవు. – ఒక గృహిణి

జవాబు: అమ్మా, రోప్ సంగతి నాకు వదిలేయండి. మీరు భయపడాల్సింది ఆ గేటుకి.

మీ క్యాబిన్‌ని మోసేది ఒక్క రోప్ కాదు. మూడో నాలుగో ఉక్కు రోప్‌లుంటాయి. వాటిలో ఒక్కటే మిగిలినా నిండు క్యాబిన్‌ని పట్టి ఉంచేంత బలం చూసి వేస్తారు. అవన్నీ పోయాయనే అనుకుందాం. క్యాబిన్ ఉండాల్సిన వేగం దాటగానే గవర్నర్ అనే చక్రం లాక్ అవుతుంది. క్యాబిన్ అడుగున ఉన్న సేఫ్టీ గేర్ రెండు పక్కల గైడ్ రెయిల్స్‌ని కరిచి పట్టుకుంటుంది. తాడు తెగినా లిఫ్టు పడదని 1854లోనే ఎలీషా ఓటిస్ న్యూయార్క్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో, తనే పైన నిలబడి తాడు తెగ్గొట్టించి జనానికి చూపించాడు. ఆ తర్వాతే జనం నమ్మి ఎక్కడం మొదలుపెట్టారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. క్యాబిన్‌కి అవతలివైపు వేలాడే కౌంటర్ వెయిట్ ఖాళీ క్యాబిన్ కంటే బరువు. అందుకని లోపల ఒకరిద్దరే ఉన్నప్పుడు బ్రేక్ జారితే లిఫ్టు కిందికి కాదు, పైకి పోతుంది. మీరు చెప్పిన బెత్తెడు తేడాని తేలిగ్గా తీసుకోవద్దు. బ్రేక్ లైనర్ (బ్రేక్‌లో రాసుకుని పట్టే పట్టీ) అరిగినప్పుడు ముందుగా కనపడే గుర్తుల్లో అదొకటి. మెకానిక్ వస్తే "కుదుపుతోంది" అని వదిలేయకండి. "లెవెల్ తప్పి ఆగుతోంది, బ్రేక్ చూడు" అని చెప్పండి. ఆ బెత్తెడు గడప తట్టుకుని పడి తుంటి విరిగిన పెద్దవాళ్లున్నారు.

ఇక గేటు. జాలీ గేటు లిఫ్టులో ప్రయాణం చేసేవాళ్లకి ఎదురుగా గోడ కదులుతూ ఉంటుంది. పిల్లల చెయ్యి, పాదం ఆ జాలీ సందుల్లో సులువుగా పడతాయి. 2025 ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ల బాబు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుపోయాడు. బయటికి తీసి ఆసుపత్రికి చేర్చినా బతకలేదు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మీ అసోసియేషన్ మీటింగులో పెయింటింగు, గేటు లైట్ల కంటే ముందు ఈ విషయం పెట్టించండి. క్యాబిన్‌కీ, ప్రతి అంతస్తులోనూ నిండు తలుపులు, ఆటోమేటిక్‌వి, వేయించాలి. అది అయ్యేదాకా పిల్లలు పెద్దవాళ్లతోనే ఎక్కాలి. వాళ్లని వెనక గోడకి ఆనించి నిలబెట్టి, గేటువైపు మీరు నిలబడండి.

ప్రశ్న: సార్, ఐటీఐ చేసి ఒక లిఫ్టు సర్వీస్ కంపెనీలో హెల్పర్‌గా చేరాను. మొన్న ఒక బిల్డింగులో మూడో అంతస్తు డోర్ లాక్ పోయింది. స్పేర్ రావడానికి వారం పడుతుందన్నారు. మా సీనియర్ ప్యానెల్లో (లిఫ్టుని నడిపించే కరెంటు పెట్టెలో) జంపర్ వేసి లిఫ్టు నడిపించి వచ్చేశాడు. "అందరూ చేసేదే" అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. నేను ఎక్కువ ఆలోచిస్తున్నానా? – వరంగల్ నుంచి ఒక కుర్రాడు

జవాబు: లేదు తమ్ముడూ. సరిగ్గానే ఆలోచిస్తున్నావు. ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ఉత్తరం నీది.

పాఠకులకి అర్థమయ్యేలా ముందు ఆ జంపర్ ఏంటో చెప్తాను. ప్రతి అంతస్తు తలుపు పైన, లోపలివైపు ఒక కొక్కెం ఉంటుంది. తలుపు మూసుకుని ఆ కొక్కెం పూర్తిగా దిగితేనే పక్కనున్న చిన్న కాంటాక్టు కలుస్తుంది. అన్ని అంతస్తుల కాంటాక్టులూ ఒకే వరసలో ఉంటాయి. ఒక్కటి కలవకపోయినా మోటారుకి కరెంటు అందదు, లిఫ్టు కదలదు. జంపర్ అంటే ఆ వరసని దాటేసేలా ప్యానెల్లో పెట్టే జానెడు వైరు ముక్క. అది పెట్టాక తలుపు తీసి ఉన్నా లిఫ్టు వెళ్లిపోతుంది. క్యాబిన్ ఐదో అంతస్తులో ఉంటే మూడో అంతస్తులో తలుపు తీసుకుని, ఫోన్ చూసుకుంటూ అడుగు పెట్టేవాడి కాలికింద ఏముంటుంది?

2025 మార్చిలో సిరిసిల్లలో ఒక పోలీసు బెటాలియన్ కమాండెంట్ అలాగే చనిపోయారు. అపార్ట్‌మెంట్‌లో తలుపు తెరుచుకుంది. లోపల క్యాబిన్ లేదు. ఒంట్లో చురుకు, కళ్లలో జాగ్రత్త ఉన్న పోలీసు ఆఫీసరుకే అలా జరిగితే, చంకలో పిల్ల, చేతిలో సంచి ఉన్న ఆడమనిషి సంగతి చెప్పు.

జంపర్‌కి మన పనిలో ఒక చోటుంది. ఫాల్ట్ ఎక్కడుందో వెతికేటప్పుడు, లిఫ్టుని ఇన్‌స్పెక్షన్ మోడ్‌లో (మెకానిక్ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే నెమ్మదిగా కదిలేలా) పెట్టి, జనం ఎవరూ ఎక్కకుండా చూసుకుని, కాసేపు వాడతాం. కొత్త తరం ప్యానెళ్లలో దానికి విడిగా బైపాస్ స్విచ్ ఇస్తున్నారు. అది వేస్తే లిఫ్టు మామూలుగా నడవదు. ఇన్‌స్పెక్షన్‌లో మాత్రమే, బజర్ మోగుతూ, లైటు వెలుగుతూ కదులుతుంది. పాత ప్యానెల్ అయితే జంపర్ వైరు ఎర్రగా, పొడుగ్గా, ప్యానెల్ తలుపు మూయనివ్వకుండా బయటికి వేలాడేలా ఉండాలి. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ల చేత నేను అలాంటివే వాడించాను. కత్తిరించిన ముక్క వైరుని టెర్మినల్స్ మధ్య దోపడం మాత్రం ఎవరికీ ఒప్పుకోలేదు. అది కంటికి కనపడదు, మర్చిపోతారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తాను. ఈ పేజీ చదివిన రోజే ఆ బిల్డింగుకి వెళ్లేలా చూడు. మీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ఊరుకోకుండా మెసేజ్ పెట్టు: ఏ బిల్డింగు, ఏ అంతస్తు లాక్, జంపర్ ఎప్పుడు వేశారు అనేది రాయి. స్పేర్ వచ్చేదాకా లిఫ్టు ఆపేయమను. మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, బోర్డు పెట్టి, ఆ తాళంచెవి మీ టీములో ఒకరి జేబులో ఉండాలి. వారం రోజులు మెట్లెక్కాలంటే అపార్ట్‌మెంట్ వాళ్లు తిడతారు. తిట్టనీ. మీ సీనియర్ ముఖం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ.

నీ ఒంటి సంగతి కూడా చెప్పాలి. కార్ టాప్, అంటే క్యాబిన్ పైకప్పు, ఎక్కే ముందు తలుపు దగ్గరే నిలబడి, చెయ్యి చాచి స్టాప్ స్విచ్ నొక్కు, ఇన్‌స్పెక్షన్‌లోకి మార్చు. అవి నిజంగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాకే కాలు పెట్టు. పిట్‌లోకి, అంటే లిఫ్టు దారి అడుగున ఉండే గొయ్యిలోకి, దిగేటప్పుడూ ముందు స్టాప్ స్విచ్చే. వదులు చొక్కా, మెళ్లో కండువా వద్దు. కౌంటర్ వెయిట్ వచ్చే వైపు తల బయటికి పెట్టొద్దు, అది చప్పుడు లేకుండా వస్తుంది. కన్‌స్ట్రక్షన్ సైటులో పని పడితే కూలీల్ని ఎక్కించే హాయిస్టు ఎవరు చెక్ చేశారో అడక్కుండా ఎక్కొద్దు. 2023 సెప్టెంబరు 10న థానేలో, 15న గ్రేటర్ నోయిడాలో కడుతున్న బిల్డింగుల్లోనే లిఫ్టులు కూలి కూలీలు పోయారు. పొట్టకూటికి ఊళ్లు దాటి వచ్చినవాళ్లు వాళ్లు.

ప్రశ్న: మా నాన్న విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. కరెంటు పోయి ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే తలుపు తీయమని అసోసియేషన్ వాళ్లు మూడు మూలల తాళంచెవి ఇచ్చారు. ఎలా తీయాలో ఎవరూ నేర్పలేదు. – డిగ్రీ చదువుతున్న అమ్మాయి

జవాబు: తల్లీ, ఆ తాళంచెవి మామూలు తాళంచెవి కాదు. దాంతో తలుపు తీస్తే ఎదురుగా క్యాబిన్ ఉండొచ్చు, నిలువునా గొయ్యి ఉండొచ్చు. శిక్షణ లేకుండా ఆ పని నాన్నగారి మీద పెట్టడం తప్పు. సర్వీస్ కంపెనీ వాళ్లే వచ్చి, చేయించి చూపించాలి. అప్పటిదాకా తీయనని ఆయన ధైర్యంగా చెప్పొచ్చు. ఈ పేజీ చూపించమను.

అప్పటిదాకా ఆయన చేయగలిగింది మాట్లాడటం. లోపలివాళ్లకి వినపడేలా "మెకానిక్‌కి ఫోన్ చేశాం, మీరు కదలొద్దు" అని చెప్తూ ఉండాలి. ఊపిరాడదేమోనని చాలామంది వణికిపోతారు. క్యాబిన్‌కి గాలి సందులుంటాయి, ఊపిరికి ఇబ్బంది రాదని చెప్పాలి. తలుపులు చేత్తో విడదీయొద్దని గట్టిగా చెప్పాలి. మెయిన్ స్విచ్ ఆపేయాలి. లేకపోతే సగంలో కరెంటొచ్చి, మనిషి గడప మీద ఉండగా లిఫ్టు కదులుతుంది.

నేర్పించేటప్పుడు ఒక విషయం మర్చిపోకుండా అడగమను. క్యాబిన్ రెండంతస్తుల మధ్య ఆగి, దాని నేల మన ఛాతీ ఎత్తులో ఉందనుకో. పైనుంచి మనిషిని చేతులు పట్టి దింపుదామనిపిస్తుంది. దించితే అతని కాళ్లు ముందు క్యాబిన్ కిందికి ఊగుతాయి. అక్కడ ఖాళీ షాఫ్టే, అంటే లిఫ్టు తిరిగే నిలువు గొయ్యే. చెయ్యి జారిందా, పిట్‌లో పడతాడు. ఆ సందుకి అడ్డంగా క్యాబిన్ గడప కింద ఒక రేకు వేలాడాలి. చాలా పాత లిఫ్టుల్లో అది పొట్టిగా ఉంటుంది, కొన్నింటికి అసలుండదు. అలాంటప్పుడు మెకానిక్ బ్రేక్ వదిలి, చేత్తో చక్రం తిప్పి క్యాబిన్‌ని అంతస్తుకి తెచ్చాకే జనాన్ని దింపాలి. కరెంటు పోగానే బ్యాటరీతో దగ్గరి అంతస్తుకి చేర్చే ఏఆర్‌డీ మీ బిల్డింగులో ఉందా, దాని బ్యాటరీలు ఎప్పుడు మార్చారు అన్నది కూడా కనుక్కోండి. అది పనిచేస్తుంటే నాన్నగారికి సగం బాధ తప్పుతుంది.

ప్రశ్న: మా అమ్మని సికింద్రాబాద్ స్టేషన్‌కి తీసుకెళ్తే ఎస్కలేటర్ దగ్గర ఆగిపోతుంది. చీర ఇరుక్కుంటుందని భయం. ఎలా అలవాటు చేయాలి? – గాజువాక నుంచి

జవాబు: అలవాటు చేయక్కర్లేదు. లిఫ్టుంటే లిఫ్టులో తీసుకెళ్లండి. లగేజీ ఉంటే అది ఇంకా మంచిది. ఆవిడే ఎక్కుతానంటే కుచ్చిళ్లు ఒక చేత్తో కాస్త పైకి పట్టుకుని, రెండో చెయ్యి రెయిలింగ్ మీద పెట్టి, మెట్టు మధ్యలో, పసుపు గీతలు తొక్కకుండా నిలబడాలి. పక్క గోడకీ మెట్టుకీ మధ్య సందు నాలుగైదు మిల్లీమీటర్లే. కానీ చీర అంచుకి, మెత్తని రబ్బరు చెప్పుకి అది చాలు. అక్కడ బ్రష్షులు పెట్టేది కాళ్లు దూరంగా ఉంచమని. వాటికి బూట్లు రుద్దుకోకూడదు. పైకెక్కేటప్పుడు మీరు ఆవిడ వెనక మెట్టు మీద, దిగేటప్పుడు ముందు మెట్టు మీద ఉండండి. పైన దిగగానే ఎటు వెళ్లాలో చూద్దామని అక్కడే నిలబడితే వెనకవాళ్లు మీద పడతారు, నాలుగడుగులు వేశాక ఆగండి. మొదట్లోనూ చివర్లోనూ ఎర్ర బటన్ ఉంటుంది. ఎవరి గుడ్డయినా చిక్కితే ముందు "రెయిలింగ్ పట్టుకోండి" అని అరిచి, దాన్ని నొక్కండి. గుడ్డని లాగుతూ కూర్చోవద్దు.

ప్రశ్న: బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. లిఫ్టు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రెన్యూవల్‌కి మూడు కొటేషన్లు వచ్చాయి. తక్కువకి ఇచ్చినవాళ్లకే ఇవ్వమంటున్నారు మావాళ్లు. ఏం చూడాలి? – ఒక పాఠకుడు

జవాబు: ముందు లిఫ్టు లైసెన్సు కాగితం చూడండి. కర్ణాటకలో లిఫ్టులు, ఎస్కలేటర్లకి 2012లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. విద్యుత్ తనిఖీ శాఖ చూస్తుంది. తర్వాత ఆ మూడు కంపెనీలనీ ఒకటే అడగండి: నెలకోసారి వచ్చే మెకానిక్ ఎంతసేపు ఉంటాడు, ఒక్కడే వస్తాడా, హెల్పర్‌తో వస్తాడా? పది నిమిషాల్లో నూనె పూసి సంతకం పెట్టించుకుపోయేవాళ్లే తక్కువకి ఇవ్వగలరు. కంపెనీ ఖరారయ్యాక మొదటి సర్వీసు రోజు మీరు దగ్గరుండి ఒక పరీక్ష చేయించండి. మెకానిక్ ప్రతి అంతస్తులోనూ తన తాళంచెవితో తలుపుని రెండు వేళ్ల సందు తీసి, కాపలాగా అక్కడే నిలబడాలి. క్యాబిన్ ఇంకో అంతస్తులో, ఖాళీగా ఉండాలి. మీరు మరో అంతస్తు నుంచి బటన్ నొక్కండి. లిఫ్టు కదలకూడదు. ఏ అంతస్తులో కదిలినా అప్పటికప్పుడే మెయిన్ ఆపించి, ప్యానెల్ తెరిపించి, పైన చెప్పిన జంపర్ వైరు ముక్క ఎక్కడుందో చూపించమనండి.