కాలేజీ పేరు సరే, సెక్షన్ ఏది?

ప్రశ్న: మాది వనస్థలిపురం. మా అబ్బాయి స్టేట్ సిలబస్‌లో పదో తరగతి చదువుతున్నాడు. లెక్కలు బాగానే చేస్తాడు, మిగతా సబ్జెక్టుల్లో క్లాసులో మధ్యస్థం. దసరా సెలవుల నుంచీ కాలేజీల పీఆర్వోలు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మాదాపూర్ వైపు ఒక రెసిడెన్షియల్ క్యాంపస్‌లో ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజులో రాయితీ ఇస్తారట. మా అన్నయ్య కొడుకు అక్కడే చదివి ఎన్‌ఐటీ వరంగల్‌లో సీటు తెచ్చుకున్నాడు. మా ఆవిడేమో ఇంటి దగ్గరున్న జూనియర్ కాలేజీలో డేస్కాలర్‌గా వేద్దామంటుంది. వాడిని అడిగితే హాస్టల్ వద్దంటాడు, బిల్డింగుల బొమ్మలు గీయడం ఇష్టమంటాడు. మీరూ అలాంటి క్యాంపస్‌లోనే చదువుకున్నారని విన్నాను. పాత విద్యార్థిగా ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: ముందు మీ అన్నయ్యగారి అబ్బాయికి ఫోన్ చేసి ఒక్క మాట అడగండి. "నువ్వు ఏ సెక్షన్‌లో ఉండేవాడివి?" ఎన్‌ఐటీ వరంగల్‌లో సీటొచ్చిందంటే పై బ్యాచ్‌లోనే ఉండి ఉంటాడని నా అంచనా. మీవాడికి కూడా ఆ బ్యాచే ఇస్తామని పీఆర్వో చెప్పాడా? చెప్పి ఉంటే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వడు. సెక్షన్ తేల్చేది అతను కాదు, కాలేజీ తెరిచాక పెట్టే పరీక్షలు.

పెద్ద కార్పొరేట్ కాలేజీ బయటివాళ్లకు ఒకటే కాలేజీ. ఆ గేటు వెనక రెండు మూడు కాలేజీలుంటాయని లోపల చదివినవాళ్లకు తెలుసు. పై బ్యాచ్‌కి పేరున్న లెక్చరర్లు, వేరే మెటీరియల్, జేఈఈ అడ్వాన్స్‌డ్ దాకా సిలబస్, సాయంత్రం పూట డౌట్లు చెప్పడానికి మనుషులు. దాని కింద జేఈఈ మెయిన్ బ్యాచ్. ఆ కింద ఇంటర్‌తో పాటు ఎంసెట్ బ్యాచ్‌లు, గదులు ఎన్నుంటే అన్ని. వీటికి ఒక్కో కాలేజీ ఒక్కో ఘనమైన పేరు పెడుతుంది, కాబట్టి పేరు చూసి ఏ బ్యాచో పోల్చుకోవడం కష్టం. హోర్డింగ్ మీద ఫొటోలు పై సెక్షన్‌వి, ఆ హోర్డింగ్ ఖర్చు కింది సెక్షన్ల ఫీజుల్లోది. ఈ మాట కొందరికి కోపం తెప్పిస్తుంది గానీ, ఆ గదుల్లో కూర్చున్నవాళ్లెవరూ కాదనరు.

నేను చదివింది నగర శివార్లలోని ఒక హాస్టల్ క్యాంపస్‌లో, ఎంపీసీ. నాది మధ్య సెక్షన్, అంటే మీ ఉత్తరాన్ని బట్టి మీ అబ్బాయికి రాగల సెక్షన్. మొదట్లో మాకు మ్యాథ్స్ చెప్పిన సార్ మాట్రిసెస్ మొదలుపెడితే వెనక బెంచీవాళ్లు కూడా నోట్సు రాసేవారు. దసరా సెలవుల తర్వాత ఆయన్ని పై బ్యాచ్‌కి మార్చేశారు. ఇక ఏడాది చివరిదాకా మ్యాథ్స్‌కి ఎవరొస్తారో క్లాసులో కూర్చున్నాక గానీ తెలిసేది కాదు. వీకెండ్ పరీక్ష ర్యాంకులు మెస్ పక్క గోడకు అంటించేవారు. చేతిలో కంచం పట్టుకుని ముందు ఆ కాగితం చూసి, ఆ తర్వాత సాంబారు దగ్గరికి వెళ్లేవాళ్లం. ర్యాంకు బాగా పడిపోతే సెక్షన్ మారేది. గదులు కూడా సెక్షన్ల వారీగానే ఇచ్చేవారు కాబట్టి మంచం కూడా మారేది. ట్రంకు పెట్టె వరండాలో ఈడ్చుకుంటూ కింది అంతస్తుకు పోతున్నవాడిని ఎవరూ పలకరించేవారు కాదు, వాడూ తలెత్తేవాడు కాదు.

అక్కడ మంచే లేదని అనను. పరీక్ష అంటే భయం పోయింది. గంటల తరబడి ఒకచోట కూర్చుని చదవడం అలవాటైంది. నాకిప్పటికీ దగ్గరి స్నేహితులు ఆ గదివాళ్లే. పై బ్యాచ్‌లో చదివిన మావాళ్లలో చాలామంది ఆ కాలేజీని ఈ రోజుకీ మెచ్చుకుంటారు, అందులో అబద్ధమేమీ లేదు. వాళ్లు చదివిన కాలేజీ వేరు, మేం చదివింది వేరు, అంతే. అందుకే పాత విద్యార్థుల్ని అడగాలనుకున్నప్పుడు ర్యాంకర్ని అడక్కండి. మీవాడి లాంటి మార్కులతో అక్కడ చేరినవాడిని వెతికి పట్టుకోండి.

ఎక్కడ దొరుకుతాడంటారా? మీ అబ్బాయి స్కూల్లో పదో తరగతి క్లాస్ టీచర్‌ని అడగండి. నిరుడు, అంతకుముందు పాసైన పిల్లల్లో ఎవరు ఏ కాలేజీలో చేరారో, ఎవరు మధ్యలో టీసీ తీసుకుని వచ్చేశారో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇంకో దారి, ఆ క్యాంపస్‌లో ఔటింగ్ ఇచ్చే ఆదివారం అక్కడికి వెళ్లడం. మధ్యాహ్నం పూట గేటు బయట చెట్ల కింద, ఆగి ఉన్న ఆటోల నీడలో దుప్పట్లు పరుచుకుని, క్యారియర్లు విప్పి పిల్లలకు పులిహోరో, చికెన్ కూరో తినిపిస్తున్న తల్లిదండ్రులు కనిపిస్తారు. వాళ్ల దగ్గర కూర్చోండి. పీఆర్వో ఏసీ గదిలో చెప్పనివన్నీ అక్కడ వినపడతాయి. కాలేజీ బాగుందా అని మాత్రం అడక్కండి, ఏ పిల్లాడైనా "బాగుంది అంకుల్" అనేస్తాడు. ఈ ఏడాది మీకు ఫిజిక్స్‌కి ఎంతమంది లెక్చరర్లు మారారు? మొన్న జ్వరమొచ్చినప్పుడు డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్లారు, ఇంటికి ఎప్పుడు ఫోన్ చేశారు? రాత్రి స్టడీ అవర్ ఎన్నింటికి అయిపోతుంది, పొద్దున్నే ఎన్నింటికి లేపుతారు? కెమిస్ట్రీ ల్యాబ్‌లో పిపెట్ ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా? ఇలా అడిగితే పిల్లలు ఆగకుండా చెప్తారు. పక్కనున్న తల్లి మధ్యలో అందుకుందంటే ఇంక మీరు అడగనక్కర్లేదు.

ఇక మీ అబ్బాయి సంగతి. బిల్డింగుల బొమ్మలు అన్న మాటను మీరు ఉత్తరం చివర్లో పడేశారు, నేనైతే దాన్ని మొదట్లో రాసేవాణ్ణి. దానికి చదువుంది, బీఆర్క్ అంటారు, ఐదేళ్ల కోర్సు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి కాబట్టి మీరనుకుంటున్న ఎంపీసీయే సరిపోతుంది, గ్రూపు గురించి ఇంట్లో గొడవ అక్కర్లేదు. సీటు నాటా పరీక్షతో వస్తుంది. ఎన్‌ఐటీల్లో, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి చోట్ల కావాలంటే జేఈఈ మెయిన్‌లో పేపర్ 2 రాయాలి. అందులో లెక్కలు, ఆప్టిట్యూడ్, డ్రాయింగ్ ఉంటాయి. మన ఊళ్లోనే మాసాబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ, అంటే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, ఉంది. ఒక శనివారం వాడిని అక్కడికి తీసుకెళ్లి బీఆర్క్ విద్యార్థులు చేసే డ్రాయింగులు, మోడళ్లు చూపించమని అడగండి. అవి చూశాక కూడా ఇష్టమంటే నిజంగా ఇష్టమే. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా గంటగంటకీ షెడ్యూల్ ఉండే హాస్టల్ సెక్షన్‌లో పెన్సిల్, డ్రాయింగ్ షీటు బయటికి తీసే సమయం దొరకదు. మా గదిలో బొమ్మలు వేసేవాడొకడు ఉండేవాడు, వాడు వేసేది రఫ్ నోటు చివరి పేజీల్లో.

ఆర్కిటెక్చర్ మీద మనసు మారి ఇంజనీరింగే అనుకున్నా, ఏ పరీక్షకు ఎంత శిక్షణ కావాలో తెలుసుకోండి, ఎందుకంటే పీఆర్వోలు అన్నిటినీ కలిపి ఒకటే భయం పెడతారు. తెలంగాణ ఈఏపీసెట్‌లో, అంటే మనం ఇప్పటికీ ఎంసెట్ అని పిలిచే పరీక్షలో, మూడు గంటల్లో 160 ప్రశ్నలు, 80 మ్యాథ్స్, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. తప్పు రాస్తే మార్కు కోయరు. ఇంటర్ సిలబస్ శుభ్రంగా వచ్చి, చేతిలో వేగం ఉంటే చాలు. ఒకప్పుడు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, ఇప్పుడది లేదు. జేఈఈ మెయిన్ అలా కాదు. అదే మూడు గంటల్లో 75 ప్రశ్నలే, 300 మార్కులు, తప్పుకు ఒక మార్కు పోతుంది, ఒక్కో లెక్క మీద ఆలోచించాలి. పైగా ఆ దారిలో ఎన్‌ఐటీ సీటు కావాలంటే జనరల్ విద్యార్థికి ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో నిలవాలి. లెక్కలు బాగా వచ్చి మిగతావి మధ్యస్థంగా ఉన్న పిల్లాడు ఇంటి నుంచి వెళ్లొస్తూ ఎంసెట్‌కి బాగా తయారు కాగలడు. జేఈఈ కూడా రాయొచ్చు. రాయడానికి హాస్టల్ అక్కర్లేదు. ఇంకో దారి పాలిసెట్ రాసి పాలిటెక్నిక్. డిప్లొమా అయ్యాక ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మన బంధువుల ఇళ్లల్లో దాన్ని ఎందుకో చిన్నచూపు చూస్తారు.

కాబట్టి నా ఓటు మీ ఆవిడకే. అయితే ఇంటి దగ్గర కాలేజీ అని కళ్లు మూసుకుని చేర్చకండి, అక్కడా చూడాల్సినవి ఉన్నాయి. ఇంటర్ బోర్డు గుర్తింపు ఏటా ఇస్తుంది, ఏ ఏ కాలేజీలకు ఇచ్చిందో వెబ్‌సైట్‌లో పెడుతుంది. మీవాడు కూర్చునే భవనానికే ఆ గుర్తింపు ఉందా, లేక అడ్మిషన్ ఇంకో క్యాంపస్ పేరు మీద చూపిస్తారా అని నేరుగా అడగండి. క్లాసులు ఒకచోట, హాల్ టికెట్ మీద పేరు ఇంకోచోటిది, ఇలాంటివి నగరంలో కొత్త కాదు. పేచీ వచ్చేది పరీక్ష ఫీజు కట్టేటప్పుడు, అప్పుడు పరుగులు పెట్టాల్సింది మీరే. భవనానికి ఫైర్ ఎన్ఓసీ ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. కింద షోరూమ్, పైన క్లాసులు, ఒకటే మెట్ల దారి అయితే ఆ కాలేజీ గురించి ఇంకేం వినక్కర్లేదు. లెక్చరర్లు ఎన్నేళ్లుగా అక్కడే ఉన్నారో కనుక్కోండి. చిన్న కాలేజీకి అదే ప్రాణం. సెకండ్ లాంగ్వేజ్ తెలుగా, సంస్కృతమా అని మీవాడినే తేల్చుకోనివ్వండి. మార్కుల కోసమని అందరినీ సంస్కృతంలోకి తోసే కాలేజీలే ఎక్కువ.

మధ్యేమార్గంగా మాదాపూర్ క్యాంపస్‌కే డేస్కాలర్‌గా పంపుదామని మీకు తోచవచ్చు. వద్దు. వనస్థలిపురం నుంచి ఎల్బీనగర్ వచ్చి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రాయదుర్గం లైను మారి, దిగాక మళ్లీ ఆటో. రెండు పూటలా ఆ ప్రయాణం చేసిన పిల్లాడికి రాత్రి పుస్తకం ముందు కళ్లు తెరుచుకోవు.

హాస్టల్ ఎందుకు వద్దంటున్నాడో ఒకసారి తీరిగ్గా అడిగారా? తిండి అని చెప్తే అది చిన్న విషయం. భయమంటే, నిద్ర పట్టదంటే, ఎవరైనా సీనియర్ ఏదో చెప్పాడంటే, ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. హైస్కూల్లో చురుగ్గా ఉన్న పిల్లలు హాస్టల్‌కి వెళ్లి మాట తగ్గించేయడం నేను చూస్తూనే ఉన్నాను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అప్పటికే ఫస్టియర్ ఫీజు మొత్తం కట్టేసి ఉంటారు, అందువల్ల వెనక్కి తెచ్చుకోవడానికి మనసొప్పదు.

డబ్బు విషయం కూడా అందుకే. పదో తరగతి పరీక్షలే ఇంకా రాయని పిల్లాడికి సీటు బుక్ చేయాల్సిన తొందర మీకు లేదు, ఆ తొందర పీఆర్వోది. నెలనెలా అతనికి అడ్మిషన్ల టార్గెట్ ఉంటుంది. ఏదైనా కారణంతో అడ్వాన్స్ కట్టాల్సి వస్తే మొత్తం ఫీజు ఎంత, అందులో హాస్టల్‌కి ఎంత, మెటీరియల్‌కి ఎంత, చేరకపోతే ఎంత వెనక్కిస్తారు అన్నది రసీదు మీదే రాయించుకోండి. వాట్సాప్ మెసేజ్ చాలదు. ఒరిజినల్ మెమో, టీసీ చేతికిచ్చే ముందు కాపీలు తీసి పెట్టుకోండి, మధ్యలో కాలేజీ మారాలంటే బాకీ చూపించి అవి ఆపే చోట్లు ఉన్నాయి.

మీ అన్నయ్యగారు నొచ్చుకుంటారని మొహమాటపడుతున్నారేమో, ఉత్తరం చదివితే అలాగే అనిపించింది. వాళ్ల అబ్బాయినే మీ ఇంటికి భోజనానికి పిలవండి. మీవాడితో ఇద్దరినీ ఒక గంట ఒంటరిగా వదిలేయండి, పెద్దల ముందు చెప్పనివి అప్పుడు చెప్పుకుంటారు. రాయితీ గడువు అయిపోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి, గడువు దాటిన మర్నాడు కూడా ఆ పీఆర్వో ఫోన్ చేస్తాడు.