ఫోన్ వీడియోలకు ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తగినది?

ప్రశ్న: ఫోన్‌తో తీసిన 4కె వీడియోలను 8 జీబీ ర్యామ్ ఉన్న, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎడిట్ చేస్తుంటే టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) అడుగడుగునా ఆగిపోతోంది. డావిన్చీ రిజాల్వ్, ప్రీమియర్ ప్రో, కెడెన్‌లైవ్‌లలో ఏది తీసుకోమంటారు?

జవాబు: సాఫ్ట్‌వేర్ మార్చే ముందు మీ ఫైళ్ల సంగతి చూడండి. వీడియోను కుదించడానికి ఫోన్లు వాడే హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో కొన్ని ఫ్రేములు (వీడియోలోని ఒక్కొక్క బొమ్మ) మాత్రమే పూర్తిగా నిల్వ ఉంటాయి. మిగిలినవాటికి ఇతర ఫ్రేములతో ఉన్న తేడాలే నమోదవుతాయి. వీడియోను వరుసగా చూస్తున్నప్పుడు దీనివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు గానీ, ఎడిటింగ్‌లో ముందుకూ వెనక్కూ జరిగినప్పుడల్లా ఒక్క ఫ్రేము చూపడానికి కంప్యూటర్ అనేక ఫ్రేములను విప్పవలసి వస్తుంది. అందుకే తక్కువ రిజల్యూషన్‌లో ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు, తయారుచేసుకుని, వాటిపైనే కత్తిరింపులు పూర్తిచేసి, ఎక్స్‌పోర్ట్ (తుది వీడియో తయారీ) మాత్రం అసలు ఫైళ్ల నుంచి చేయాలి. ఈ సదుపాయం మూడింటిలోనూ ఉంది.

రంగుల దిద్దుబాటులో నా ఓటు రిజాల్వ్‌కే. అది పుట్టిందే ఆ పని కోసం. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ అనే కంపెనీ చేతికి వచ్చాక పూర్తి ఎడిటర్‌గా ఎదిగింది. ఉచిత వెర్షన్‌లోనే శబ్దానికి ఫెయిర్‌లైట్, విజువల్ ఎఫెక్ట్స్‌కు ఫ్యూజన్ ఉన్నాయి. అయితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది కనుక మీ ల్యాప్‌టాప్‌కు అది మోయలేని బరువు. ప్రీమియర్ బలం యానిమేషన్, ఎఫెక్టుల సాఫ్ట్‌వేర్ అయిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో కలిసి పనిచేయడంలో ఉంది. దానికి చందా కడుతూనే ఉండాలి. మీతో పనిచేసేవారు దాన్నే వాడుతుంటే తప్ప ఆ ఖర్చు అవసరమని నేను అనుకోను.

కెడెన్‌లైవ్ ఉచితం, ఓపెన్ సోర్స్, సాధారణ యంత్రాల మీదా నడుస్తుంది. రంగుల పనిముట్లు రిజాల్వ్ స్థాయిలో లేకపోయినా, ప్రస్తుతానికి ప్రాక్సీలతో దానిలోనే పని సాగించండి. తర్వాత కొత్త కంప్యూటర్ కొని రిజాల్వ్‌కు మారదలచుకుంటే, చేతిలో ఉన్న ప్రాజెక్టును పూర్తిచేశాకే మారండి. ఒకదానిలోని ఎఫెక్టులు, రంగుల దిద్దుబాట్లు మరొకదానిలోకి యథాతథంగా రావు.

మరొక్క మాట. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును (సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్యను) నిలకడగా ఉంచవు. అందువల్ల నిడివి ఎక్కువైన క్లిప్పుల్లో మాట ఒకచోట, పెదవుల కదలిక మరొకచోట పడవచ్చు. అటువంటి ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేటులోకి మార్చుకున్న తర్వాతే టైమ్‌లైన్ మీదికి తెచ్చుకోండి.