లా డిగ్రీ ఉంటే ఇంగ్లండ్‌లో బారిస్టర్ అయిపోవచ్చా?

డిగ్రీ ఒక్కటే చాలదు. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అనే నాలుగు లండన్ ‘ఇన్స్ ఆఫ్ కోర్ట్’లలో ఒకదాంట్లో సభ్యులై, బార్ శిక్షణ పూర్తిచేయాలి. ఎందుకంటే అక్కడ బారిస్టర్ హోదా ఇచ్చేది యూనివర్సిటీ కాదు, శతాబ్దాలుగా ఈ సంఘాలే. వింతగా అనిపించినా, ఇన్ హాలులో సీనియర్లతో కలిసి భోంచేయడం కూడా శిక్షణ కిందే లెక్క. గాంధీ 1888లో ఇన్నర్ టెంపుల్‌లో చేరి, ఆ విందులకు హాజరై, పరీక్షలు పాసై, 1891 జూన్ 10న బారిస్టర్ అయ్యారు. ఇప్పుడైతే హోదా వచ్చాక కూడా, పూర్తిస్థాయి ప్రాక్టీసుకు అనుభవమున్న బారిస్టర్ దగ్గర మామూలుగా ఏడాది ‘ప్యూపిలేజ్’ చేయాలి. సీటు దొరకడమే కష్టమైన దశ ఇది. బారిస్టర్ అంటే లాయర్ కంటే పెద్ద చదువని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అసలది డిగ్రీయే కాదు. సొలిసిటర్ లాగే లాయర్లలో ఒక రకం.