ముసుగు వేసిన కారు, ముందే అచ్చయిన ధర

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఇంకా విడుదల కాని స్పోర్ట్స్ కార్ల గురించే ఉన్నాయి. వాటిలో విశాఖపట్నం పాఠకులు రాసిన అయిదింటిని ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాను. ఒకరికి ఇచ్చిన వివరణ మరొకరికి కూడా పనికివస్తుందని నా ఉద్దేశం.

ప్రశ్న: టయోటా సంస్థ పాత సెలికానూ, ఎంఆర్2నూ మళ్లీ తెస్తోందనీ, సుప్రాలో కొత్త తరం వస్తోందనీ వారానికొక వార్త చదువుతున్నాను. ఒకరు కొత్త నాలుగు సిలిండర్ల ఇంజను అంటారు, మరొకరు ఇంజను సీటు వెనుక ఉంటుందంటారు, ఇంకొకరు నాలుగు వందల హార్స్‌పవర్ అంటారు. వీటిలో దేనిని నమ్మవచ్చు?
(మధురవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇలాంటి వార్త ఏది నా బల్ల మీదికి వచ్చినా ముందుగా ఒక్క సంగతే చూస్తాను: ఈ మాట నిజం కావడానికి సంస్థ ఇప్పటికే ఎంత డబ్బు, ఎంత శ్రమ పెట్టింది? కంప్యూటరు మీద గీసిన బొమ్మకు ఎవరికీ ఖర్చు లేదు. కొత్త ఇంజను తయారుచేయడానికి, కర్మాగారంలో కొత్త యంత్రాలు దింపడానికి మాత్రం పెద్ద మొత్తాలు కావాలి, ఆ డబ్బు మనసు మార్చుకున్నంత మాత్రాన తిరిగి రాదు.

మీరు చెప్పిన వార్తలను ఈ తూకంలో పెట్టి చూద్దాం. టయోటా 2024 మే 28న సుబారు, మాజ్దా సంస్థలతో కలిసి ఏర్పాటుచేసిన సమావేశంలో కొత్త 1.5 లీటర్ల, 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్లను బయటపెట్టింది. 2025 జనవరిలో టోక్యో ఆటో సలోన్‌లో జీఆర్ యారిస్ ఎం అనే నమూనా కారును చూపి, అందులో ఆ 2.0 లీటర్ల టర్బో ఇంజనును సీట్ల వెనుక అమర్చామనీ, ఆ కారును జపాన్‌లోని సూపర్ తైక్యూ పందేలకు సిద్ధం చేస్తున్నామనీ తెలిపింది. కనుక నాలుగు సిలిండర్ల ఇంజను, ఇంజను సీటు వెనుక అన్న రెండు మాటల వెనుకా నిజమైన లోహం ఉంది. ఆ లోహం ఇప్పటికి యారిస్ శరీరంలో ఉంది తప్ప, దానికి ఎంఆర్2 అన్న పేరు పెట్టింది వార్తలు రాసినవారే. సెలికా సంగతి వేరు. 2024 నవంబరులో ర్యాలీ జపాన్ సందర్భంగా టయోటా ఉన్నతాధికారి హిరోకీ నకాజిమా తాము సెలికాను చేస్తున్నామని అన్నారు. అది బాధ్యత గల వ్యక్తి నోటి మాట, అందుకని తేలికగా తీసివేయలేము. అయితే ఆ మాటలో తేదీ లేదు, ఇంజను లేదు, ధర లేదు. నాలుగు వందల హార్స్‌పవర్ అన్న అంకెను కూడా నేను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

సుప్రా చరిత్ర చూస్తే నా మాట ఇంకా స్పష్టంగా బోధపడుతుంది. నాలుగో తరం సుప్రా 2002లో ఆగిపోయింది. 2014 జనవరిలో డెట్రాయిట్ ప్రదర్శనలో ఎఫ్‌టీ-1 అనే అందమైన నమూనా కనబడినప్పటి నుంచి, 2019 జనవరిలో అదే ఊళ్లో అసలు కారు వచ్చేవరకు, అయిదేళ్లపాటు ఊహలకు అంతు లేకపోయింది. హైబ్రిడ్ అన్నారు, టయోటా సొంత ఇంజను అన్నారు. వచ్చినది బీఎండబ్ల్యూ వారి మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో ఇంజను, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, బీఎండబ్ల్యూ జెడ్4తో పంచుకున్న నిర్మాణం. రెండు కార్లూ ఆస్ట్రియాలోని గ్రాట్జ్ నగరంలో ఒకే కర్మాగారంలో తయారయ్యాయి. మాన్యువల్ గేర్‌బాక్సు 2022లో గాని రాలేదు. నాకు ముఖ్యంగా తోచేది ఏమిటంటే, టయోటా, బీఎండబ్ల్యూ కలిసి ఒక స్పోర్ట్స్ కారుకు నిర్మాణాన్ని రూపొందించాలని 2013 జనవరిలోనే ఒప్పందం కుదుర్చుకొని బహిరంగంగా ప్రకటించాయి. అందరూ ఎఫ్‌టీ-1 ఒంపుసొంపులను చూస్తూ కూర్చున్న రోజుల్లో, రాబోయే కారు కుదురు ఆ పొడి ప్రకటనలోనే ఉంది.

అమెరికా సంస్థ జనరల్ మోటార్స్ తయారుచేసే స్పోర్ట్స్ కారు షెవర్లే కార్వెట్ కథ ఇంకా పాతది. ఆ కారును తీర్చిదిద్దిన ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్, ఇంజను సీటు వెనుక ఉన్న సెర్వ్-1 అనే ప్రయోగ వాహనాన్ని 1960లోనే తయారుచేయించారు. ఆనాటి నుంచి రాబోయే కార్వెట్‌లో ఇంజను సీటు వెనుకకు వస్తుందని అమెరికా పత్రికలు ఒక తరం తరువాత మరొక తరం రాస్తూనే ఉన్నాయి, ప్రతిసారీ ఇంజను ముందే ఉండిపోయింది. చివరికి అది 2019 జూలై 18న నిజమైంది. ఈసారి తేడా ఎక్కడ కనబడిందంటే, కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ కర్మాగారంలో. జనరల్ మోటార్స్ అక్కడ 2015లో కొత్త పెయింట్ షాపు కోసం 439 మిలియన్ డాలర్లు, 2016లో ఇతర మార్పుల కోసం మరో 290 మిలియన్ డాలర్లు వెచ్చిస్తున్నట్టు ప్రకటించింది, ఆపై సందర్శకులను లోపలికి రానివ్వడం కూడా మానేసింది. ఏడాదికి ముప్పై వేలు అటూఇటూగా మాత్రమే అమ్ముడయ్యే మోడల్ కోసం అంత ఖర్చు పెట్టినప్పుడు, లోపల పెద్ద మార్పేదో జరుగుతోందని తలచడానికి తగిన ఆధారం ఉన్నట్టే.

ప్రశ్న: మొన్న ఉదయం భీమిలి రోడ్డులో, ఋషికొండ దాటాక ఒక టీ దుకాణం ముందు, నలుపు తెలుపు సుడుల స్టిక్కరు నిండా అంటించిన కారు ఆగి ఉండగా ఫొటో తీశాను. ఎత్తు చాలా తక్కువగా ఉంది, ఎర్ర నంబరు ప్లేటు ఉంది. ఇది కొత్త స్పోర్ట్స్ కారేనా?
(ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: మీ ఫొటో ఎంతో శ్రద్ధగా తీసినది. ఎర్ర ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే ఆ వాహనం ట్రేడ్ సర్టిఫికెట్ (ఇంకా నమోదు కాని వాహనాన్ని రోడ్డు మీద నడపడానికి ఇచ్చే అనుమతి) కింద నడుస్తోందని అర్థం. అది తయారీ సంస్థదీ కావచ్చు, డీలరుదీ కావచ్చు, కాబట్టి ప్లేటు ఒక్కటే చాలదు. స్టిక్కరు సుడులు మాత్రం ఊరికే వేసినవి కావు. వంపులు తిరిగిన లోహం మీద వెలుగునీడలను చూసి మన కన్ను ఆకారాన్ని పోల్చుకుంటుంది, ఆ వెలుగునీడలను చెదరగొట్టడమే సుడుల పని. తరచుగా వాటి కింద ఉత్తుత్తి తొడుగులు కూడా బిగిస్తారు.

అయితే దాచలేనివి కొన్ని ఉంటాయి. ముందు చక్రం మధ్య నుంచి తలుపు అంచు వరకు ఉన్న దూరం చూడండి: ముందు పొడవైన ఇంజను ఉంటే ఆ దూరం పెద్దదిగా ఉంటుంది, ఇంజను వెనుక ఉంటే డ్రైవరు ముందు చక్రాలకు దగ్గరగా జరిగి కూర్చుంటాడు. తలుపుల వెనుక గాలి తీసుకునే కంతలున్నాయా, టైరు పక్కన అచ్చువేసిన కొలత ఎంత, బ్రేకు డిస్కు ఎంత పెద్దది, స్టీరింగు ఏ పక్కన ఉంది అన్నవి కూడా ముసుగుకు అందవు. మీ ఫొటోలో స్టీరింగు కుడివైపున ఉంది, తలుపుల వెనుక కంతలు లేవు, వెనుక సీటుకు చోటున్నట్టు పైకప్పు సాగింది. వీటిని బట్టి అది స్పోర్ట్స్ కారు కాదనీ, ఎత్తు తగ్గిన సెడాన్ అనీ నా అభిప్రాయం. వేడి, తేమ, ఉప్పుగాలి మూడూ ఒకేచోట దొరికే మన తీరం పరీక్షలకు అనువైనది, పైగా చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ జాతీయ రహదారి మన ఊరి మీదుగానే పోతుంది, కనుక ఇలాంటి కార్లు ఇక్కడ కనబడటంలో వింత లేదు. ఒక్క మనవి: ఆగి ఉన్న కారును ఫొటో తీయండి గాని, కదులుతున్న కారు వెంట బైకు మీద పడకండి. ఆ రోడ్డు మలుపులు మీకు నాకంటే బాగా తెలుసు.

ప్రశ్న: ప్రదర్శనలో వేదిక మీద పెట్టి చూపించిన కారు తప్పకుండా వచ్చినట్టే కదా? పేరుకు ట్రేడ్‌మార్కు కూడా తీసుకున్నారని చదివాను.
(సిరిపురం నుంచి)

జవాబు: కాదండీ. 2017 మార్చిలో జెనీవా ప్రదర్శనలో టాటా మోటార్స్ టామో రేసిమో అనే రెండు సీట్ల కారును ఆవిష్కరించినప్పుడు, మన దేశపు స్పోర్ట్స్ కారు వచ్చేసిందని నేను కూడా మనసారా సంతోషించాను. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 190 హార్స్‌పవర్, ఇంజను సీట్ల వెనుక. ఎంతో ముద్దుగా ఉన్న ఆ కారు ఉత్పత్తి దాకా రాలేదు, ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది. దానికి భిన్నంగా ఎంజీ సైబర్‌స్టర్ 2021లో షాంఘైలో నమూనాగా కనబడి, 2024 మార్చిలో ముంబైలో ప్రదర్శనకు వచ్చి, 2025 జూలై 25న రూ.74.99 లక్షల ధరతో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. వేదిక రెండింటికీ దక్కింది. ముంబైకి వచ్చేనాటికే సైబర్‌స్టర్ చైనాలో ఉత్పత్తిలో ఉన్న కారు, జెనీవాలో కనబడేనాటికి రేసిమో ఉత్పత్తి మొదలే కాలేదు. తేడా అదే.

ట్రేడ్‌మార్కు దరఖాస్తుకు అంతకంటే తక్కువ విలువ ఇవ్వండి. పేరును మరొకరు వాడుకోకుండా కాపాడుకోవడానికే చాలా సంస్థలు దరఖాస్తు చేస్తాయి. మన 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం, నమోదైన పేరును అయిదేళ్లకు పైగా వాడకపోతే దానిని తొలగించాలని ఇతరులు కోరవచ్చు.

ప్రశ్న: నాకు తెలిసిన ఒకాయన, ఒక విదేశీ స్పోర్ట్స్ కారు వచ్చే ఏడాది ఇండియాకు వస్తోందనీ, మొదటి విడతలో ఒకటి ఇప్పిస్తాననీ, రెండు లక్షలు ముందుగా ఇమ్మనీ అడుగుతున్నారు. ఆ సంస్థ ఇంకా ఏమీ ప్రకటించలేదు. ఇవ్వవచ్చా?
(గాజువాక నుంచి)

జవాబు: ఇవ్వకండి. ప్రకటించని కారుకు మొదటి విడత అంటూ ఉండదు. సంస్థే స్వయంగా ప్రకటించి, తన పేరు మీద డబ్బు తీసుకున్నప్పుడు కూడా ఏమవుతుందో చూడండి. టెస్లా 2017 నవంబరులో కొత్త రోడ్‌స్టర్‌ను చూపి, 2020లో వస్తుందని చెప్పి, 50,000 డాలర్ల అడ్వాన్సు తీసుకుంది. ఫౌండర్స్ సిరీస్ అనే మొదటి కార్లకు మొత్తం 2,50,000 డాలర్లు ముందే కట్టమన్నది. 2025 ముగిసేనాటికి ఒక్కరికి కూడా ఆ కారు అందలేదు. అక్కడ కనీసం డబ్బు తీసుకున్నది ఎవరో తెలుసు, రసీదు ఉంది, వద్దనుకుంటే ఎవరిని అడగాలో తెలుసు. మీ పరిచయస్తుడి విషయంలో ఈ మూడూ లేవు.

ఒకవేళ ఇప్పటికే ఇచ్చి ఉంటే, బ్యాంకు ద్వారా వెళ్లిన వివరాలను, ఫోనులో జరిగిన సంభాషణలను భద్రపరచి, డబ్బు తిరిగి ఇమ్మని లిఖితపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, అవతలి వ్యక్తి వేరే ఊళ్లో ఉన్నా ఇబ్బంది లేదు.

ప్రశ్న: నేను పోర్టులో పనిచేసి రిటైరైన మనిషిని. మా అబ్బాయి జపాన్ ధరను రూపాయలలోకి మార్చి, కొత్త సుప్రా ఇక్కడ యాభై లక్షలకే వస్తుందని చెబుతున్నాడు. అది వచ్చేదాకా వేరే కారు కొననంటున్నాడు. ఇంట్లో ఉన్న కారు పద్నాలుగేళ్ల పాతది.
(డాబాగార్డెన్స్ నుంచి)

జవాబు: అయ్యా, విదేశంలో పూర్తిగా తయారై వచ్చే కారుకు ఆ లెక్క సరిపోదు. 2025 బడ్జెట్ నిర్ణయాల ప్రకారం, మన రేవుకు చేరేసరికి 40,000 డాలర్ల విలువ దాటిన కారుకు కస్టమ్స్ సుంకం 70 శాతం, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 40 శాతం, వెరసి 110 శాతం. యాభై లక్షల కారుకు ఇది యాభై అయిదు లక్షలు. ఈ నూట అయిదు లక్షల మీద, 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన 40 శాతం జీఎస్‌టీ నలభై రెండు లక్షలు. అంటే ఒక కోటీ నలభై ఏడు లక్షలు. డీలరు లాభం, జీవితకాల పన్ను, బీమా ఇంకా దీనిలో కలపలేదు. బ్రిటన్‌తో 2025 జూలైలో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో కార్ల సుంకాన్ని పరిమిత సంఖ్యకు లోబడి 10 శాతం వరకు దశలవారీగా తగ్గించే ఏర్పాటు ఉన్నది గాని, అది బ్రిటన్‌లో తయారైన కార్లకు సంబంధించినది, జపాన్ కారుకు వర్తించదు.

ఇక సుప్రా గత తరం మన దేశంలో అధికారికంగా అమ్మకానికే రాలేదు. అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. అంతర్జాతీయ ప్రమాణాల ధ్రువీకరణ ఉన్న కార్లను ఏడాదికి 2,500 వరకు ఇక్కడ మళ్లీ పూర్తి పరీక్షలు లేకుండా తెచ్చుకోవడానికి తయారీదారులకు అనుమతి ఉంది. ఫోక్స్‌వాగెన్ గోల్ఫ్ జీటీఐ 2025 మేలో ఆ దారిలోనే దాదాపు రూ.53 లక్షల ధరతో వచ్చింది. మొదటి విడత 150 కార్లే.

మీ అబ్బాయికి ఒక సంగతి చెప్పండి. చాలా ఏళ్ల కిందట ఇదే శీర్షికలో నేను, ఒక కారు దీపావళికల్లా వస్తుందని రాశాను. ఆ మాట నాకు చెప్పినవారు నమ్మకస్తులే, నేను ఆధారం అడగలేదు. అది చదివి ఒక పాఠకుడు తన పాత కారు అమ్మేసి ఎదురుచూశారు. ఆ కారు మన దేశానికి రానేలేదు. రెండేళ్ల తరువాత ఆయన రాసిన ఉత్తరంలో కోపం లేదు. తల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ప్రతిసారీ ఆటో వెతుక్కోవలసి వస్తోందని మాత్రం రాశారు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. పద్నాలుగేళ్ల కారుకు బదులు మీ ఇంటికి కావలసిన కారును ఈ ఏడాదే కొనండి. సుప్రా వస్తున్నదని టయోటా స్వయంగా ప్రకటించిన నెలలో ఇదే చోట దాని ధరనూ, సుంకాల లెక్కనూ మీ అబ్బాయి కోసం విడమరచి రాస్తాను.