పొగ లేదు కదా అని మా అబ్బాయి వేప్ పీలుస్తున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పల్లెటూరు. మా అబ్బాయికి పదహారేళ్లు. కొంతకాలం స్నేహితులతో కలిసి దవడలో పొగాకు పెట్టుకునేవాడు. ఈమధ్య మానేశానని చెబితే సంతోషించాను. కానీ బట్టలు ఉతకబోతుంటే వాడి జేబులో పెన్ డ్రైవ్ లాంటి వస్తువు కనిపించింది. అడిగితే అది వేప్ అని, అందులో పొగాకు ఉండదని, పండ్ల వాసనతో ఆవిరి మాత్రమే వస్తుందని, పొగాకు మానడానికే వాడుతున్నానని అంటున్నాడు. వాళ్ల నాన్నగారికీ పొగాకు అలవాటు ఉంది కాబట్టి ఆయన గట్టిగా మందలించలేకపోతున్నారు. సెలవుల్లో పొగాకు ఆకు కోతకు వెళ్లి వచ్చిన రోజు వాడికి వాంతులు అవుతుంటాయి. అది కూడా దీనివల్లేనా? వేప్ నిజంగా ప్రమాదం లేనిదేనా? ఎలా మాన్పించాలి?

జవాబు: మీ అబ్బాయి మీతో అబద్ధమాడుతున్నాడని నేను అనుకోవడం లేదు. వాడికి ఎవరో అలా చెప్పారు, వాడు నమ్మాడు. వేప్ అంటే ఒక ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి, వచ్చే ఆవిరిని పీల్చుకునే పరికరం. ఆ ద్రవంలో పొగాకు ఆకు లేకపోవచ్చు గానీ, చాలా వేప్‌లలో నికోటిన్ ఉంటుంది. మనిషిని పొగాకుకు కట్టిపడేసేది ఆ నికోటినే. అందువల్ల మీ అబ్బాయి అలవాటు మానలేదు, నికోటిన్ శరీరంలోకి వెళ్లే దారిని మాత్రమే మార్చాడు. ఆ మారిన దారి వాడి వయసుకు ఏ విధంగానూ మేలైనది కాదు.

దవడలో పెట్టుకున్న పొగాకు నుంచి నికోటిన్ నోటి పొర ద్వారా నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. ఊపిరితిత్తుల్లోకి పీల్చిన నికోటిన్ సుమారు 10 నుంచి 20 సెకన్లలోనే మెదడును చేరుతుంది. ఎంత త్వరగా చేరితే అలవాటు అంత బలంగా నాటుకుంటుంది. పైగా ఇప్పుడు వస్తున్న చాలా పరికరాల్లో నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం వంటివి కలిపి లవణంగా మార్చి వాడుతున్నారు. దీనివల్ల గొంతులో ఘాటు తగ్గుతుంది. మొదటిసారి సిగరెట్ పీల్చిన పిల్లలు దగ్గి, కళ్లనీళ్లు పెట్టుకుని, ఇక వద్దని వదిలేయడానికి కారణం ఆ ఘాటే. దాన్ని తీసేస్తే, ఇంతకాలం పిల్లలను కొంతవరకైనా కాపాడిన అడ్డు తొలగిపోయినట్లే. యూరోపియన్ యూనియన్ ఈ ద్రవాల్లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదని పరిమితి పెట్టింది. అటువంటి పరిమితి లేని చోట్ల 50 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్నవి కూడా అమ్ముడవుతున్నాయి. సిగరెట్ కాలిపోతే అయిపోయినట్లు తెలుస్తుంది. వేప్‌కు అలాంటి ముగింపు లేదు కాబట్టి, రోజుకు ఎంత నికోటిన్ పీలుస్తున్నాడో పీల్చేవాడికే తెలియదు.

పల్లెల్లో పిల్లలు దీనివైపు ఎందుకు మొగ్గుతున్నారో కూడా పెద్దలు అర్థం చేసుకోవాలి. అందరూ అందరికీ తెలిసిన ఊళ్లో సిగరెట్ కాల్చినా, పొగాకు నమిలినా ఆ వాసన, ఆ ఉమ్మి, ఆ మరక ఇంటికి చేరేలోపే కబురు చేరుస్తాయి. వేప్ పిడికిలిలో ఇమిడిపోతుంది, దాని తీపి వాసన నిమిషాల్లో చెదిరిపోతుంది. ఇంకో కారణం కూడా ఉంది. పొగాకు ఈ పిల్లల కళ్లకు పెద్దవాళ్ల అలవాటుగా, పాతదిగా కనిపిస్తుంది. వేప్ మాత్రం ఫోన్‌లో చూసిన కొత్త లోకానికి చెందినదిగా, తమ వయసువాళ్ల సొంతమైనదిగా కనిపిస్తుంది. ఆడుకోవడానికి చోటు, సాయంత్రాలు గడపడానికి వేరే వ్యాపకం లేని చోట ఈ ఆకర్షణ మరింత పెరుగుతుంది.

ప్రమాదం లేనిదేనా అన్న మీ ప్రశ్నకు సూటిగా జవాబిస్తాను. మండే పొగాకు నుంచి వచ్చే తారు, కార్బన్ మోనాక్సైడ్ వేప్ ఆవిరిలో ఉండవు కాబట్టి సిగరెట్ పొగ కంటే దానిలో విషపదార్థాలు తక్కువ. అంతమాత్రాన అది వట్టి ఆవిరి కాదు. ఆ ద్రవంలో ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అతిగా వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి హానికర రసాయనాలు పుడతాయి, వేడిచేసే తీగ నుంచి నికెల్, క్రోమియం వంటి లోహాల కణాలు కలుస్తాయి. అమెరికాలో 2019లో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలవగా, 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించినట్లు తేలింది. వారిలో ఎక్కువమంది గంజాయిలోని మత్తు పదార్థం కలిసిన ద్రవాలు వాడినవారు, అందులో చేర్చిన విటమిన్ ఇ అసిటేట్ ప్రధాన కారణమని తేల్చారు. చేతులు మారి వచ్చిన ద్రవంలో ఏముందో పీల్చే పిల్లవాడికి తెలియదన్నదే నా భయం. దీనికి తోడు, మెదడు ఎదుగుదల సుమారు 25 ఏళ్ల వరకు సాగుతుంది. ఆ వయసులోపు అలవడిన నికోటిన్ ఏకాగ్రతను, నిద్రను, కోపతాపాలను అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీస్తుంది.

పొగాకు మానడానికి వేప్ పనికివస్తుందన్న మాటకు ఆధారం లేకపోలేదు. ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చిన పెద్దవారిలో కొందరికి అది ఉపయోగపడినట్లు పరిశోధనలు చూపాయి. కానీ ఆ ఫలితాన్ని పదహారేళ్ల పిల్లవాడికి వర్తింపజేయకూడదు. ఈ వయసులో వేప్ పట్టినవారు తర్వాత సిగరెట్ వైపు వెళ్లే అవకాశం ఎక్కువగా కనిపిస్తోంది.

ఆకు కోత రోజున వాంతులు కావడానికి కారణం వేరై ఉండవచ్చు. మంచు తడి ఆరని పొగాకు ఆకును ఒట్టి చేతులతో పట్టుకుంటే, ఆ తడిలో కరిగిన నికోటిన్ చర్మం గుండా లోపలికి వెళ్లి వాంతులు, తలతిరుగుడు, తలనొప్పి, నీరసం తెస్తుంది. అదే రోజు వేప్ కూడా పీలిస్తే మోతాదు ఇంకా పెరుగుతుంది. నన్నడిగితే, వాడిని ఆ పనికి పంపకండి. తప్పనిసరైతే ఆకు ఆరాక, చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా వేసుకుని వెళ్లాలి. తడిసిన బట్టలు వెంటనే మార్చి సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలి.

ఇక మాన్పించే విషయం. కొట్టడం, నలుగురిలో పరువు తీయడం వల్ల పిల్లలు దాచడం నేర్చుకుంటారే తప్ప మానరు. తీరికగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిసారి పీలుస్తున్నావని అడగండి. అరగంటలోపే అని చెబితే అలవాటు బాగా ముదిరిందని అర్థం. అలాంటప్పుడు మనోబలం ఒక్కటే చాలదు, డాక్టరు సాయం కావాలి. నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్ వంటివి ఈ వయసువారికి మీ అంతట మీరు కొనిపెట్టవద్దు. అవి అవసరమా కాదా అన్నది పరీక్షించిన డాక్టరు నిర్ణయించాలి. మానిన తర్వాత మొదటి మూడు రోజులు చిరాకు, నిద్రలేమి, ఆకలి ఎక్కువగా ఉంటాయి. మూడు నాలుగు వారాల్లో అవి క్రమంగా తగ్గుతాయి. కావాలనిపించే కోరిక ఒక్కోసారి కొన్ని నిమిషాలు మాత్రమే ఉంటుంది. ఆ కాసేపూ నీళ్లు తాగడం, నడవడం, ఎవరితోనైనా మాట్లాడటం వల్ల గట్టెక్కవచ్చు. కాబట్టి పరీక్షలు లేని రోజులు చూసి, ఏ రోజు నుంచి మానాలో వాడి చేతే నిర్ణయింపజేయండి. మధ్యలో ఒకసారి తప్పితే దండించకుండా, ఆ సమయంలో ఎవరితో ఉన్నాడో, ఏం జరిగిందో తెలుసుకుని మళ్లీ మొదలుపెట్టించండి.

వాళ్ల నాన్నగారితో నేను చెప్పానని చెప్పండి. ఆయన కూడా అదే రోజున మానడానికి పూనుకుంటే అది ఏ మందలింపు కంటే బలంగా పనిచేస్తుంది. "నాకూ కష్టంగానే ఉంది" అని తండ్రి నోట విన్న పిల్లవాడు తన కష్టాన్ని దాచుకోడు. ఇద్దరికీ కలిపి ఒకేసారి డాక్టరును సంప్రదించవచ్చు. ఇన్నాళ్లు పొగాకు పెట్టుకున్న దవడలో తెల్ల మచ్చలు గానీ, రెండు మూడు వారాలైనా మానని పుండు గానీ ఉన్నాయేమో ఆ రోజే చూపించండి.

వేప్ ద్రవం ఇంట్లో ఉన్నంతకాలం చిన్నపిల్లలకు అందనివ్వకండి, కొద్దిగా మింగినా ప్రాణాపాయం కలగవచ్చు. మీ అబ్బాయికి ఎప్పుడైనా ఛాతీనొప్పి, ఆయాసం, జ్వరంతో కూడిన దగ్గు మొదలైతే అలవాటు సంగతి బయటపడుతుందని సంకోచించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆ పరికరాన్ని, ద్రవం సీసాను కూడా వెంట తీసుకువెళ్లి డాక్టరుకు చూపండి.